ఆముదం తాగిన ఉస్తాద్

శంషాబాద్ మొత్తంలో కుర్మయ్యకు నచ్చిన పాట ఒక్కటీ లేదు. బాలమల్లు శనివారం సాయంత్రం భజన మొదలుపెడితే, "ఏంది, నక్కలకు నడుము పట్టిందా?" అనేవాడు. పహాడీ షరీఫ్ ఉర్సుకు పోయి కవ్వాలీ విని వచ్చిన వాళ్లను దారిలో ఆపి, చప్పట్లు కొట్టుకోవడానికి అంత దూరం నడవాలా, మీ ఇండ్లల్ల దోమలు లేవా అని అడిగేవాడు. బతుకమ్మ పాటలంటే ఆయనకు జాలి. మొదటి రోజే అర్థమైన ముచ్చటను ఆడవాళ్లు తొమ్మిది రోజులు తిప్పి తిప్పి ఎందుకు చెప్తారో ఆయనకు అంతుపట్టేది కాదు. పట్నంలో సినిమా చూసొచ్చిన వాడెవడైనా కూనిరాగం తీస్తే మాత్రం ఏమీ అనేవాడు కాదు. వాడి ముఖంలోకి ఒకసారి చూసి, చావింటికి పరామర్శకు వచ్చినవాడిలా తల ఆడించి వెళ్లిపోయేవాడు.

ఇంత విద్య ఆయనకు పట్నంలో అబ్బింది. షాలిబండ అవతల ఒక జాగీర్దారు దేవిడిలో ఆయన ఇరవై ఏళ్లు కొలువు చేశాడు. ఆ దేవిడిలో నెలకు రెండుసార్లు మహఫిల్ జరిగేది. ఎక్కడెక్కడి నుంచో గొప్ప గొప్ప పాటగాళ్లు వచ్చి తెల్లవార్లూ పాడేవాళ్లు. "ప్రతి మహఫిల్‌ల కూసున్న" అని కుర్మయ్య ఊళ్లో చెప్పేవాడు. అది అబద్ధం కాదు. కూర్చున్న మాట నిజమే. కాకపోతే ఆయన కూర్చున్నది గుమ్మం బయట, పరదా ఇవతల, అతిథులు విడిచిన చెప్పుల దగ్గర. ఆ చెప్పులు మారిపోకుండా, కుక్కలు ఎత్తుకుపోకుండా చూడడమే ఆయన నౌకరి. లోపల జరీ చెప్పుల నవాబు మొదట "వాహ్" అనేవాడు. తోలు బూట్ల వకీలు ఆ వెనక అనేవాడు. ఇద్దరూ అన్నాక కుర్మయ్య బయట తనలో తాను ఒక వాహ్ అనేవాడు. అట్లా ఇరవై ఏళ్లు సాధన చేశాడు. ఈ చెప్పుల సంగతి ఊళ్లో ఆయన భార్య దుర్గవ్వకు ఒక్కదానికే తెలుసు. ఆమె ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్లు లేరు కాబట్టి చెప్పలేదు.

జాగీర్దారు ఇంటికి రేడియో వచ్చిన ఏడు, ఆడవాళ్లుండే జనానాలో మూలపడ్డ పాత గ్రామఫోను బయటికి వచ్చింది. కొలువు చాలించి ఊరికి పోతున్న కుర్మయ్యకు దాన్ని, దానితోపాటు పన్నెండు ప్లేట్లను ఇనాముగా ఇచ్చారు. అది జనానాలో పాడుతున్నన్నాళ్లూ ఆయన చెవిన ఒక్కసారీ పడలేదు. అయినా దాన్ని పెండ్లికూతుర్ని తెచ్చినట్టు ఎడ్లబండిలో గడ్డి పరిచి తెచ్చుకున్నాడు. గగన్‌పహాడ్ దగ్గర బండి ఒక గుంతలో పడింది. శంషాబాద్ చేరేసరికి పన్నెండు ప్లేట్లలో మూడు మిగిలాయి. ఒకటి దొరల బ్యాండు. దాన్ని ఆయన పాటకింద లెక్క కట్టలేదు. రెండోది సన్నాయి. సగానికి గీత పడి, ఎక్కిళ్లు వచ్చినట్టు ఒకే చోట ఆగేది. మూడోది మాత్రం నిగనిగలాడుతూ ఉంది. నడుమ అంటించిన కాగితాన్ని చెదలు తినేయడంతో అది ఎవరి పాటో చెప్పే అక్షరం ఒక్కటి మిగల్లేదు.

బండి దుమ్మంతా పెట్టెలోకి దూరి, చావి తిప్పితే లోపల కరకరమనేది. కుర్మయ్య ఆలోచించి, ఎడ్లబండి ఇరుసుకు వేసే ఆముదం గిద్దెడు తెచ్చి లోపల పోశాడు. కరకర ఆగిపోయింది. మూడో ప్లేటు పెట్టాడు. బావి అడుగున ఎవరో పెద్దమనిషి నిద్రలేచినట్టు, బరువైన మగ గొంతు ఒకటి మెల్లగా, చాలా మెల్లగా పైకి వచ్చింది.

కుర్మయ్య కళ్లు మూసుకున్నాడు. "వాహ్" అన్నాడు. ముందుగా అనేందుకు చెప్పులవాళ్లెవరూ లేకుండా సొంతంగా అన్న మొదటి వాహ్ అది.

"ఆయనకు గొంతుల కఫం ఉన్నట్టుంది. జర శొంఠి కషాయం తాగిస్తే పోతది" అంది దుర్గవ్వ, చేటలో బియ్యం ఏరుకుంటూ.

"నీకేం తెలుసే? ఉస్తాద్ అంటే గట్లనే ఉంటడు."

"ఉండనీ. కని ఊపిరి తీసుకునే కాడ మాత్రం మొగోళ్ల లెక్క లేదు. ఆడిది తీసుకున్నట్టే ఉంది."

దుర్గవ్వ ఆ మాట ఊరికే అనలేదు. చెరువు కింది పొలాల్లో నాట్లు పడితే ముందు పాట ఎత్తుకునేది ఆమే. వంగి నాటు వేస్తూ పాడేవాళ్లకు ఊపిరి ఎక్కడ దొరుకుతుందో, ఎక్కడ దొరకదో బాగా తెలుసు. కుర్మయ్య మాత్రం ఆ మాటను ఈగను తోలినట్టు తోలేశాడు. ఆడవాళ్లకు దేవుడు గొంతు ఇచ్చింది పిల్లల్ని నిద్రపుచ్చడానికీ, కోళ్లను పిలవడానికీ అని ఆయన సిద్ధాంతం. ఆనాటి నుంచి పెట్టె పాడుతున్నంతసేపూ ఇంట్లో దుర్గవ్వ కూనిరాగం తీయడం బందు.

ఊరు ఊరంతా పాటల పెట్టెను చూడడానికి వచ్చింది. రానిస్తేనా? కుర్మయ్య నియమాలు పెట్టాడు. కాళ్లు కడుక్కుని రావాలి. చుట్ట ఆర్పేయాలి. దగ్గు వచ్చినవాడు గొడ్ల కొట్టంలోకి పోయి దగ్గి రావాలి. పాట నడుమ మాట్లాడితే ప్లేటు ఆపేసి, మాట్లాడినవాడు లేచి పోయేదాకా సూరువైపు చూస్తూ కూర్చునేవాడు. ఇట్లా చేస్తే జనం మానేస్తారని బాలమల్లు అనుకున్నాడు. అది జరగలేదు. కుర్మయ్య ఇంట్లో దగ్గకుండా పూర్తి పాట విన్నవాడికి ఊళ్లో ఒక మర్యాద ఏర్పడింది. పటేల్ కూడా వచ్చి, గోడకు ఆనుకుని, మొదటి నుంచి చివరిదాకా నిద్రపోయి, "మంచి పాట" అని లేచిపోయాడు.

ఉస్తాద్ ఎవరని అడిగితే కుర్మయ్య దగ్గర జవాబులు సిద్ధంగా ఉండేవి. మనిషి ఆరడుగులట. మీసాలకు నిమ్మకాయలు నిలబెట్టేవాడట. తెల్లారకముందే మెడలోతు నీళ్లలో నిలబడి సాధన చేసేవాడట. పూటకు ఒక మేకపోతును ఒక్కడే తినేవాడట. "నువ్వు చూసినవా అన్నా?" అని అడిగిన వాళ్లకు, "పక్కకెల్లి పోయిండు. ఆయన చెప్పులు గింత ఉంటయి" అని చేతులు చాచి చూపేవాడు. చెప్పుల కొలత చెప్పేటప్పుడు ఆయన మాటలో ఎంత సాధికారత ఉండేదంటే, మిగతాదంతా జనం నమ్మేశారు.

అన్నిటికంటే ముఖ్యమైన నియమం ఒకటుంది. పాట అయిపోయాక, ప్లేటు చివర ఉస్తాద్ గొణుగుతున్నట్టు నాలుగు మాటలు అనేవాడు. ఏ భాషో ఎవరికీ తెలిసేది కాదు. "అది దువా. పాటకు ఆఖర్న దేవునికి చేసే దండం. లేవుండ్రి" అని కుర్మయ్య తాను లేచి చేతులు జోడించేవాడు. అందరూ లేచి జోడించేవాళ్లు. మూడేళ్లపాటు శంషాబాద్‌లో ఆ నాలుగు మాటలకు జనం లేచి నిలబడ్డారు.

ఈలోగా యుద్ధం వచ్చి ప్లేటు మీద పెట్టే సూదులు దొరకడం మానేశాయి. కుర్మయ్య తుమ్మ ముళ్లు చెక్కి పెట్టడం నేర్చుకున్నాడు. నేర్చుకున్న వారానికే ముళ్లలోనూ ఆయనకు తేడాలు తెలిశాయి. మామిడిపల్లి ముల్లు మోటు. మైలార్‌దేవ్‌పల్లి ముల్లులో లయ ఉంది. ఇంటి వెనక చెట్టు ముల్లు అసలే పనికిరాదు, దుర్గవ్వ పాటలు విని పెరిగింది కదా. ముళ్ల కోసం ఆయన పొద్దున పోయి మధ్యాహ్నానికి వచ్చేవాడు. ఎకరం పొలంలో కలుపు దుర్గవ్వ తీసుకునేది.

బాలమల్లు భజనకు జనం పలచబడ్డారు. తాళాలు వేసే మనిషి కూడా కుర్మయ్య ఇంట్లో దగ్గకుండా కూర్చోవడం మొదలుపెట్టాడు. బాలమల్లు ఒకనాడు ఎదురుపడి అడిగాడు.

"కుర్మన్నా, నీ ఉస్తాద్ పాటల ఒక్క ముక్క నీకు అర్థమైతదా?"

"అర్థమయ్యేది పాటెట్లయితది తమ్మీ? అర్థమయ్యేదాన్ని మాట అంటరు."

బాలమల్లు ఇంటికి పోయి, పెండ్లాం మీద కోపం చేసుకున్నాడు.

నాలుగో ఏడు ఎండాకాలం వచ్చేసరికి ఉస్తాద్ మరీ మందగించాడు. మొదట రాగం సాగదీస్తున్నాడని కుర్మయ్య మెచ్చుకున్నాడు. తర్వాత ఒక మాటకూ ఇంకో మాటకూ నడుమ చుట్ట తాగి రావడానికి వ్యవధి ఏర్పడింది. చివరికి ఒకరోజు సగం పాటలో పెద్ద బర్రె కూలబడ్డట్టు ఒక మూలుగు మూలిగి పెట్టె ఆగిపోయింది. కుర్మయ్య రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

రైలు టేసన్ గడియారం చూడడానికి నెలకొకసారి పట్నం నుంచి ఖాసిం మిస్త్రీ వచ్చేవాడు. ముసలాయన. కంటికి భూతద్దం పెట్టుకుని గడియారాల కడుపులోకి చూసేవాడు. కుర్మయ్య టేసన్‌కు పోయి ఆయన చెయ్యి పట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాడు. సంగతి తెలిసి వాకిలి నిండా జనం చేరారు. బాలమల్లు అందరికంటే ముందు వచ్చి, కాళ్లు కడుక్కోకుండానే కూర్చున్నాడు.

మిస్త్రీ పెట్టె అడుగు విప్పి, వేలు పెట్టి, ఆ వేలు వాసన చూశాడు.

"ఏం పోసినవ్ కుర్మయ్య భాయ్ ఇందుల?"

"ఆముదం."

"మిషన్‌కు ఆముదం పోస్తరా? మొత్తం బంక అయింది. స్ప్రింగు అంటుకపోయింది. ఇన్నేండ్లు ఇది ఎట్ల తిరిగిందో అల్లాకే తెలియాలె."

ఒక పూట పట్టింది. కిరసనాయిలు దొరకని రోజులే అయినా దుర్గవ్వ బుడ్డీలో ఉన్నది తెచ్చి ఇచ్చింది. మిస్త్రీ ఒక్కొక్క చక్రాన్నీ కడిగి, తుడిచి, తన సీసాలోని సన్ననూనె చుక్క చుక్కగా వేశాడు. వేగం పెంచే మరను తన లెక్క ప్రకారం బిగించాడు. తర్వాత మూడో ప్లేటు పెట్టి, చావి తిప్పి వదిలాడు.

ఒక ఆడమనిషి పాడింది.

సన్నగా, చురుగ్గా, మెట్ల మీద నుంచి బిందెతో దిగుతున్నట్టు పాడింది. వాకిట్లో ఎవరూ దగ్గలేదు. ఈసారి నియమం వల్ల కాదు.

కుర్మయ్య పెట్టె వైపు చూశాడు. తర్వాత మిస్త్రీ వైపు తిరిగాడు.

"ఈమె ఎవరు?"

"ప్లేటుల ఉన్నామె."

"ప్లేటుల ఉస్తాద్ ఉండె."

"నేనైతే ఎవర్నీ బయటికి తియ్యలే భాయ్."

బాలమల్లు మొదట నవ్వాడు. ఆ నవ్వు వాకిలంతా పాకింది. గోడ అవతల నుంచి చూస్తున్న సక్కుబాయి అయితే కొంగు నోట్లో కుక్కుకుని కింద కూర్చుంది. ఆమె దుర్గవ్వతో కలిసి నాట్లు వేసే మనిషి. కుర్మయ్య తలపాగా సర్దుకుని, నేరుగా పటేల్ దగ్గరికి ఫిర్యాదుకు పోయాడు.

"ఏంరా కుర్మయ్యా, లొల్లి ఏంది?" అన్నాడు పటేల్.

"పటేలా, మిస్త్రీ మా ఉస్తాద్‌ను ఆడిది చేసిండు."

పటేల్ జీవితంలో భూమి తగాదాలు విన్నాడు, బర్రెల తగాదాలు విన్నాడు. ఇట్లాంటిది వినలేదు. సాయంత్రమే చావడికి పెట్టెను తెప్పించాడు. ఊరంతా వచ్చింది. మిస్త్రీ తన ఇనప పెట్టె మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. పట్నం పోయే రైలు తప్పిపోయినందుకు ఆయనకు చిరాకుగా ఉంది.

"మొగాయనను మింగి ఆడామెను పెట్టిన్నని గీయన అంటుండు. పటేల్ సాబ్, మీరే వినుండ్రి" అన్నాడు.

ప్లేటు పెట్టారు. పాట మొదలైంది. ఈసారి పటేల్ నిద్రపోలేదు. మీసం మీద వేలు పెట్టుకుని చివరిదాకా విన్నాడు. పాట ముగిసింది. ప్లేటు చివర ఆ నాలుగు మాటలు వచ్చే చోటు వచ్చింది. మూడేళ్ల అలవాటు కదా, చావడిలో సగం మంది తెలియకుండానే లేచి చేతులు జోడించారు. అప్పుడు పెట్టెలో ఆమె గడగడా, స్పష్టంగా, కొంచెం గర్వంగా చెప్పింది.

"మేరా నామ్ తారాబాయి."

చావడిలో ఉర్దూ రానివాడు లేడు. జోడించిన చేతులు మెల్లగా కిందికి దిగాయి.

"దువానా ఇది?" అన్నాడు బాలమల్లు. "మూడేండ్లు మనం లేసి దండం పెట్టింది ఆమె పేరు చెప్పుకున్నందుకా?"

మిస్త్రీ వివరించాడు. పాత రోజుల్లో ప్లేటు కోసేటప్పుడు పాడినవాళ్లు చివర పేరు చెప్పేవాళ్లట. ఎక్కడో దూర దేశంలో ప్లేటు తయారయ్యేటప్పుడు ఎవరి పాట ఎవరిదో కలిసిపోకుండా అట్లా చెప్పించేవాళ్లట. ఆముదం బంక కట్టి చక్రం సగం జోరుకు పడిపోయింది. జోరు తగ్గితే గొంతు లావవుతుంది. అంతే సంగతి.

"మరి ఆరడుగులు, మీసాలు?" అని ఎవరో వెనక నుంచి అడిగారు.

"పూటకొక మేకపోతు?" అని ఇంకొకరు.

పటేల్ తీర్పు చెప్పాడు. మిస్త్రీ తప్పు లేదు. ఆముదం తప్పు కూడా లేదు. కుర్మయ్య తన ఉస్తాద్‌ను ఇంటికి తీసుకుపోవచ్చు, కావాలంటే చీర కట్టించవచ్చు.

మర్నాడు పొద్దున్నే కుర్మయ్య టేసన్‌కు పోయి, బండి ఎక్కబోతున్న మిస్త్రీని పక్కకు పిలిచాడు.

"మిస్త్రీ సాబ్, ఒక మాట. మళ్ల ఆముదం పోస్తే ఆయన తిరిగొస్తడా?"

మిస్త్రీ ఆయన ముఖంలోకి చూశాడు. నవ్వలేదు. "ఒస్తడు. కొన్నాళ్లుంటడు. కని మిషన్ పోతది భాయ్. అప్పుడు ఆయనా ఉండడు, ఆమె ఉండదు" అన్నాడు.

కుర్మయ్య పది రోజులు బయటికి రాలేదు. ఊరు ఆయన్ను మరిచిపోలేదు. ఇంటి ముందు నుంచి పోయేవాళ్లు ఒకరినొకరు "ఉస్తాద్ బాగున్నదా?" అని గట్టిగా అడిగేవాళ్లు. పదకొండో రోజు మధ్యాహ్నం ఆయన ఆముదం బుడ్డి చేతిలో పట్టుకుని పెట్టె ముందు కూర్చున్నాడు. పోయడానికే కూర్చున్నాడు. పోసేముందు ఆమెను చివరిసారి విందామని ప్లేటు పెట్టాడు.

వడ్లు దంచుతున్న దుర్గవ్వ రోకలి ఆపింది. ఆ ఇంట్లో ఆ పెట్టె వచ్చి మూడేళ్లు దాటినా ఆమె దాని ముందు ఒక్కనాడూ కూర్చోలేదు. ఇప్పుడు వచ్చి గడపలో కూర్చుంది. గుమ్మానికి తల ఆనించింది. పెట్టెలో ఆమె ఒక పొడుగు రాగం ఎత్తుకుని, తీసుకుపోయి, తీసుకుపోయి, దించి, ఊపిరి తీసుకుంది. అదే క్షణంలో దుర్గవ్వ కూడా తీసుకుంది. ఆ సంగతి కుర్మయ్య చూశాడు. తప్పిపోయిన లెక్క దొరికినట్టయింది ఆయనకు.

"ఇప్పుడు ఊపిరి అందుతుంది ఆమెకు" అంది దుర్గవ్వ. "ఇన్నొద్దులు పాపం నీళ్లల్ల ముంచి పట్టినట్టు ఉండె."

"మొదటి రోజే చెప్పినవ్ నువ్వు."

"చెప్పిన."

"గట్టిగ చెప్పాలె గదా."

దుర్గవ్వ లేచి రోకలి అందుకుంది. కుర్మయ్య ఆముదం బుడ్డిని తీసుకుపోయి బండి ఇరుసు దగ్గర పెట్టాడు.

ఇక్కడితో ఆయన మారిపోయి అందరి పాటా మెచ్చుకున్నాడనుకుంటే పొరపాటు. కుర్మయ్య మారాడు. కాకపోతే తిరగలి మారినట్టు మారాడు, అటు తిరిగేది ఇటు తిరిగింది. ఆ శనివారమే భజనకు పోయి, మొదటి కీర్తన అయ్యాక లేచి నిలబడి, మగవాళ్ల గొంతు దేవుడు ఎడ్లను అదిలించడానికి మాత్రమే ఇచ్చాడనీ, పాట అన్నది ఆడవాళ్ల సొత్తు అనీ, ఈ సంగతి తెలిసిన మనిషి ఈ చుట్టుపక్కల తానొక్కడే అనీ చెప్పాడు. బాలమల్లు తాళాలు కింద పెట్టి, "అన్నా, నీకు నచ్చకపోవుడే మాకు దేవుడిచ్చిన వరం" అన్నాడు. భజనకు మళ్లీ జనం పెరిగారు. కుర్మయ్య ఏమంటాడో వినడానికే సగం మంది వచ్చేవాళ్లు.

వానలు పడ్డాయి. చెరువు కింద పటేల్ పొలంలో నాట్లు మొదలయ్యాయి. దుర్గవ్వ, సక్కుబాయి, ఇంకా పదిమంది వంగి పాట ఎత్తుకున్నారు. గట్టు మీద గొంగడి పరిచి, కాళ్లు మడిచి, కళ్లు మూసుకుని కుర్మయ్య కూర్చున్నాడు. దుర్గవ్వ ఒక చరణం అంటే "వాహ్" అన్నాడు. దుర్గవ్వ తల ఎత్తకుండానే సిగ్గుపడింది. తర్వాతి చరణం సక్కుబాయి అందుకుంది.

కుర్మయ్య కళ్లు తెరిచాడు. "సక్కుబాయి, రెండో మాట కాడ గొంతు కిందికి జారుతుంది. జర ఎత్తు."

పన్నెండు నడుములు ఒక్కసారి నిటారుగా లేచాయి. ఎవరు విసిరారో తెలియదు, బురదముద్ద వచ్చి ఆయన తలపాగా మీద పడింది. ఇంకొకటి గొంగడి మీద పడింది. కుర్మయ్య తుడుచుకుని, "విసురుడు గూడ సుతి తప్పింది" అన్నాడు.

దుర్గవ్వ చేతులు నడుము మీద పెట్టుకుని పిలిచింది.

"ఇగ దిగు. నారు కట్టలు అందియ్యి. బురదల కాలు పెట్టినోడే మా పాట ముచ్చట మాట్లాడాలె."

కుర్మయ్య గొంగడి మడిచి పక్కన పెట్టాడు. ధోవతి పైకి దోపి దిగాడు. పట్నం పోయినప్పటి నుంచీ ఆయన కాళ్లకు పొలం బురద అంటలేదు. రెండు అడుగులకే మోకాలిదాకా దిగబడితే ఆడవాళ్లే లాగి నిలబెట్టారు. ఆ తర్వాత బాగానే అందించాడు. అయితే బాగా పాడినవాళ్లకు ముందు, సరిగా పాడనివాళ్లకు తర్వాత అందించడం మొదలుపెట్టాడు. నచ్చని చోట కట్ట చేతిలోనే పట్టుకుని, ఆ చరణం మళ్లీ అనిపించుకునేవాడు.

పొద్దుగూకే ముందు పటేల్ గొడుగు వేసుకుని గట్టు మీదికి వచ్చాడు. సగం మడి కూడా పచ్చబడలేదు.

"ఏంరా కుర్మయ్యా, పొద్దటికెల్లి చేసింది గిదేనా?"

"పటేలా, నడిమి మడికాడ పాట కుదరలే. మళ్ల మొదటికెల్లి పాడమన్న."

"మరి నాటో?"

"నాటుదేముంది పటేలా, అదే అయితది."

ఆ ఏడు రెండు రోజుల నాటు నాలుగు రోజులైంది. సక్కుబాయి గొంతును తానే కుదిర్చానని కుర్మయ్య దసరాదాకా ఊరంతా చెప్పుకుని తిరిగాడు. తన గొంతుకు ఎన్నడూ ఏ రోగమూ లేదని సక్కుబాయి ఆయన వెనకాలే తిరిగి చెప్పుకుంది.